మునిగేవాడి వేషం

రెస్క్యూ పరీక్షలో మునిగేవాడి వేషం బావే అడిగి తీసుకున్నాడు. పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన శిక్షకురాలు కాదనలేదు. పడవ అతనిది, స్కూబా షాపూ అతనిదే.

బావమరిది వాళ్ళింట్లోనే ఉంటూ ఆ షాపులో సిలిండర్లకు గాలి నింపుతాడు. ఈ రెస్క్యూ పరీక్ష గట్టెక్కితే వేరే షాపులో గైడుగా చేరొచ్చు. అక్కడ మాట కూడా అయింది. అది బావ చెవిన పడింది.

"అన్నం పెట్టిన చెయ్యి కరిచేవాణ్ణి నీళ్ళే మింగుతాయిరా," అన్నాడు బావ, నీళ్ళలో కిందికి దిగడానికి కట్టే బరువుల బెల్టు నడుముకి బిగిస్తూ.

"అన్నం పెట్టింది అక్క. నువ్వు వడ్డించిన రోజేది బావా?"

"పోట్లాట ఒడ్డుకెళ్ళాక," అంది శిక్షకురాలు. "బెల్టు నిజంగా వదలొద్దు. బకిల్ మీద చెయ్యేసి చూపిస్తే చాలు. ఇది నటన."

ఈల వేసింది.

బావ మాస్కు పీకేసి చేతులు కొట్టుకుంటూ కేకలు పెట్టాడు. బావమరిది ఈదుకుంటూ వెళ్ళి, చెయ్యి అందనంత దూరంలో ఆగాడు. భయపడ్డవాడికి ఎదురుగా వెళ్తే మీదెక్కి ఇద్దర్నీ ముంచుతాడు. ముందు నోటితోనే పని.

"జాకెట్‌లో గాలి నింపు! బెల్టు వదిలెయ్!"

బావ వినలేదు. వింటే పరీక్ష అయిపోతుంది.

"దగ్గరికి రారా పిరికి వెధవా! మీ వంశంలో ఒక్కడికైనా వెన్నెముక ఉందా?"

"బెల్టు వదిలెయ్!"

బావమరిది వెనక్కి చేరబోయినప్పుడల్లా బావ ఇటు తిరిగాడు. తిరిగేకొద్దీ తిట్లు పొట్టివయ్యాయి. "రారా" అన్నాడు. "రా" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. గడ్డం నీళ్ళలో ఉంది. కళ్ళు ఎవరినీ చూడటం లేదు.

బావ నోరు మూసుకోవడం బావమరిది ఎప్పుడూ చూడలేదు. నీళ్ళలోకి మునిగి వెనక తేలాడు. బావ వీపు మీది సిలిండర్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బకిల్ లాగి బెల్టు సముద్రంలోకి వదిలేశాడు. బావ జాకెట్‌కున్న గాలి బటన్ నొక్కాడు, అది ఉబ్బింది. పడవ దాకా లాక్కొచ్చాడు.

పడవలో బావ నీళ్ళు కక్కాడు. మాట రాగానే మొదలెట్టాడు.

"ఫెయిల్! నేను నటిస్తుంటే బెల్టు పారేశాడు. నటనేదో నిజమేదో తెలియని వెధవ జనాన్ని కాపాడతాడట!"

"నువ్వు నిజంగా మునుగుతున్నావు," అన్నాడు బావమరిది.

"నటించాను!"

శిక్షకురాలు ఇద్దర్నీ చూసింది. "నటన అయితే ఫెయిలే. సరే, మళ్ళీ దిగండి, ఇంకోసారి పెడతాను. మీకు నటనే కదా."

బావ నీళ్ళ వైపు చూశాడు. లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

బావమరిది బల్ల కింద నుంచి ఇంకో బెల్టు తీసి ముందు పెట్టాడు. "నేను కట్టనా బావా?"

"చంపుతావట్రా నన్ను?"

శిక్షకురాలు ఈల మెడలోంచి తీసి సంచిలో వేసింది. బావమరిదితో "పాస్" అంది.

"ఇంటికి రా, మీ అక్క ముందు తేలుస్తా," అన్నాడు బావ.

"వస్తా. బట్టలు సర్దుకోవాలి," అన్నాడు అతను.