రైతుకు రష్యాలో పేరు

ఉడికిన మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతున్నాడు షంషుద్దీన్. తుత్తం పడకపోతే పుస్తకాల అట్టల్ని పురుగులు బతకనివ్వవు. మదనపల్లె బస్టాండు పక్కనున్న ఆ బైండింగు కొట్టు వాళ్ళ నాన్నది. పుంగనూరు నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి అందులో కూర్చున్న షంషుద్దీన్ మళ్ళీ లేవలేదు. వంగి వంగి కుట్టీ కుట్టీ నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. బొటనవేలు సూదిపోట్లకు కాయకట్టింది. భార్య మైమూన్ బీ ఉన్నన్నాళ్ళు దారానికి మైనం రుద్ది అందించేది. ఇప్పుడు ఆ పనీ ఆయనదే.

ఎనభై రెండులో ఆ శనివారం, ఆయన ముందున్నది లక్ష్మీపతి అయివారి పుస్తకం. కుప్పం బడిలో తెలుగు చెప్పే ఆ ఒంటరి మనిషి పోస్టులో పాఠాలు తెప్పించుకుని రష్యన్ నేర్చుకున్నాడు. ఎందుకని అడిగితే "ఊరికే" అనేవాడు. చినిగిన రష్యన్ పుస్తకాలు బస్సులో మోసుకొచ్చేవాడు. మొదటిసారి షంషుద్దీన్ ఒకదాన్ని తలకిందులుగా కుట్టి పెట్టాడు. "పోనీలే సాయిబూ, తిన్నగా సదివినా నాకింతే తెలుస్తాది" అని అయివారు కడుపు పట్టుకుని నవ్వాడు. స్నేహం అక్కడ మొదలైంది.

ఇన్నేళ్ళకు ఆయన ఆ దేశపు పల్లెటూరి కథలు కొన్ని తెలుగు చేసి, పేరు ఇంకా తేల్చుకోకుండానే అచ్చు వేయించాడు. పోయినవారం కొట్లో కూర్చుని ఒక మాట చూపించాడు.

"క్రెస్త్యానిన్. రైతని అర్థం. మొదట్లో కిరస్తానం పుచ్చుకున్నోడనంట. గ్రీకు దేశం నుంచి వచ్చిన దేవుడి మాట ఇది. మడక దున్నేవాళ్ళంతా ఆ మతమే కదా, రానురాను మతం పోయి మడక మిగిలింది."

"సాయిబు అనే మాట మాదిరే" అన్నాడు షంషుద్దీన్. "అరబ్బీలో తోడుండేవాడని అంట. ఈడికొచ్చి మతమై కూర్చుంది."

"భలే! ఇంకో చిత్రం సూడు. ఒక్కడైతే ఆ మాట చివర 'ఇన్' అని తోకుంటాది. పదిమందైతే క్రెస్త్యానె. తోక రాలిపోతాది."

షంషుద్దీన్ సూది ఆపాడు. "పదిమందిలో ఉంటే మనిషికి బరువు తగ్గుతాది గదా అయివోరా."

 అయివారు ఆ రోజు రెండు బస్సులు వదిలేసి అక్కడే కూర్చున్నాడు. వెళ్తూ, "అట్ట మీద రైతు అనాలా, రైతులు అనాలా? వచ్చే వారం చెప్తా. అంతవరకూ ఆపు" అన్నాడు.

అందుకే ఇప్పుడు అట్టకు అంటించిన ఎర్రటి కాలికో గుడ్డ మీద పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇత్తడి అక్షరాలు కుంపటి పక్కన ఉన్నాయి. షంషుద్దీన్ మాటిమాటికీ వీధి వైపు చూశాడు.

మధ్యాహ్నం కుప్పం బస్సు వచ్చింది. అందరూ దిగారు, అయివారు దిగలేదు. కండక్టరు బైరప్ప పరుగున వచ్చాడు.

"సాయిబూ, మీ అయివోరు నిద్రపోతాండాడనుకుంటి. ఎంత పిలిచినా పలకలేదప్పా."

కిటికీ కమ్మీకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు లక్ష్మీపతి. రాగిచేల దుమ్ము కనుబొమల మీద పేరుకుంది. షంషుద్దీన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా ఎండకు వెచ్చగా ఉంది, లోపలి మనిషి లేడు. బైరప్పా షంషుద్దీనూ కలిసి మెల్లగా దించి జీపెక్కించారు. కుప్పందాకా షంషుద్దీన్ ఒడిలోనే ఉంది ఆ తల.

మట్టి చేసి మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి, కుంపటి రాజేశాడు. అక్షరాలు వేడెక్కాయి. బంగారు రేకు పరిచి ఒక్కొక్కటే అద్దాడు. 'రైతు' దగ్గర చెయ్యి ఆగింది. ఒక్కణ్ణి చేసి పంపడానికి మనసొప్పలేదు. 'లు' కూడా అద్దాడు.

బైరప్ప గుమ్మంలోకి వచ్చాడు. "అయివోరు కూర్చున్న సీటు కింద ఇది దొరికిందప్పా" అని బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయాడు.

అది ఎడమకాలి చెప్పు. మడమ దగ్గర ఒక పక్కకు అరిగిపోయింది, కొత్తగా కుట్టించిన తెల్లదారం ఇంకా మాయకుండా ఉంది.