పాస్‌వర్డ్ చెప్పని సీతాబాయి

ఇబ్రహీంపట్నంలో ధర్మేందర్ ప్లాట్ల ఆఫీసుకు వచ్చి పేరు రాయించుకున్నవాళ్లకు మర్నాడే ఇంకో ఆఫీసు నుంచి ఫోన్లు వెళ్తున్నాయి. కంప్యూటర్‌లోని పేర్లు ఎలా బయటికి పోతున్నాయో కనిపెట్టమని అతను తెలిసినవాళ్ల ద్వారా లీదియాను పిలిపించాడు. ఆఫీసుల నెట్‌వర్కుల్లో కన్నాలు వెతకడమే ఆమె పని.

లీదియా లోపలికి వెళ్లకుండా, బయట కారులో కూర్చుని ఆఫీసులోవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది.

"నెట్ కంపెనీ నుంచి మాట్లాడుతున్న. మీ పాస్‌వర్డ్ జర చెప్పున్రి."

బాలరాజ్ వెంటనే చెప్పాడు. అరుణ ఒక్కో అక్షరం విడమరిచి చెప్పింది. ధర్మేందరైతే, "బ్యాంకుది గూడ గావాల్నా మేడం?" అని అడిగాడు.

చివరికి ఆఫీసు ఫోన్‌కు చేస్తే, గదులు ఊడుస్తున్న సీతాబాయి ఎత్తింది.

"పాస్‌వర్డ్ గోడమీదనే రాసున్నది. గని నువ్వెవరో నాకు తెల్వదు. లోపలికొచ్చి మొఖం చూపియ్యి," అంది.

లీదియా లోపలికొచ్చి జరిగింది చెబితే ధర్మేందర్ తల ఎత్తలేకపోయాడు. ఆమె గోడ తుడిపించి, పాస్‌వర్డులన్నీ మార్చింది. పేర్ల పట్టిక తెరిచే పాస్‌వర్డ్ మాత్రం సీతాబాయి ఒక్కదానికే ఇచ్చింది.

మర్నాడు ధర్మేందర్ వచ్చి ఆ పట్టిక కావాలన్నాడు.

సీతాబాయి చీపురు పక్కన పెట్టింది. "ఎందుకు సార్? ఏం పనుంది?"

అతను చేతులు కట్టుకుని పని చెప్పుకున్నాడు. ఆ వారంలోనే అవతలి ఆఫీసు ఫోన్లు ఆగిపోయాయి.