మూడోసారికి గానీ

బుడ్డోడు ఆరడుగుల పైమాటే. ఇంట్లో ఆఖరివాడని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు, విమానం ఎక్కి వేరే దేశం వచ్చినా వదల్లేదు. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ ఆ పేరుతోనే హాస్టల్ గది అదిరేలా పిలుస్తుంది మరి. వాణ్ణి పెంచింది ఆవిడే. మర్యాదలన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

"ఎవరైనా ఇస్తామనగానే చెయ్యి చాపితే మొహం వాచినవాడనుకుంటారురా. మొదటిసారి వద్దనాలి. రెండోసారి, అయ్యో ఎందుకండీ అనాలి. మూడోసారికి గానీ తీసుకోకూడదు" అనేది పెద్దమ్మ.

ఈ పద్ధతి చుట్టాలిళ్లలో దివ్యంగా పనిచేసింది. అవతలివాళ్లకీ అదే పాఠం కంఠతా వచ్చు కదా! ఇక్కడికొచ్చాకే అడ్డం తిరిగింది. దిగిన రోజున హాస్టల్ వంటావిడ పొగలు కక్కే సూప్ గిన్నె చూపించి, "తాగుతావా?" అంది. కడుపులో పేగులు గోల పెడుతున్నా బుడ్డోడు చిరునవ్వుతో "వద్దండీ" అన్నాడు. ఆవిడ "సరే" అని గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. వీడు రెండో వద్దు నోట్లో పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు.

ఇంకోరోజు జోరువానలో తోటి విద్యార్థి, గిరజాల జుట్టువాడు, కారాపి ఎక్కమన్నాడు. "ఫర్వాలేదు, నడుస్తాను" అన్నాడు వీడు. అద్దం పైకి లేచింది, కారు ముందుకెళ్లింది, బుడ్డోడు తడిసి ముద్దయ్యాడు. ఇంత జరిగినా బుద్ధి వచ్చిందా అంటే, లేదు. వీళ్లకి బతిమాలడం తెలీదు పాపం, అని పైపెచ్చు జాలిపడ్డాడు.

వాడు చదవడానికొచ్చింది తేనెటీగల గురించి. చిన్నప్పుడు తేనెపట్టు కనిపిస్తే తక్కిన పిల్లలు పరుగు లంకించుకునేవాళ్లు, వీడు నోరు తెరుచుకుని దానికిందే నిలబడేవాడు. పెదవి బూరెలా వాచినా మర్నాడు మళ్లీ అక్కడే. ఈ కాలేజీ వెనక వరసగా తేనెపెట్టెలు ఉన్నాయి. ఏడాదికి ఒక్క విద్యార్థినే ప్రొఫెసరమ్మ వాటి పనికి తీసుకుంటుంది. ఆ పని కోసమే బుడ్డోడు వేరే కాలేజీలన్నీ కాదనుకుని ఇక్కడ చేరాడు.

ఒకనాడు క్లాసయ్యాక ప్రొఫెసరమ్మ వాణ్ణి ఆపింది. "ఈ సంవత్సరం పెట్టెల పని నువ్వు చూస్తావా?"

వాడి మనసు ఎగిరి గంతేసింది. నోరు మాత్రం పెద్దమ్మ పెంచిన నోరు. "అయ్యో, నేనెందుకు మేడమ్! నాకంటే బాగా చేసేవాళ్లు ఉన్నారు" అనేసింది.

"అలాగా. సరే, శుక్రవారానికి ఇంకొకర్ని చూస్తాను" అని ఆవిడ వెళ్లిపోయింది.

బుడ్డోడు కంగారుగా గదికి పరిగెత్తాడు. వెంటనే పెద్దమ్మకు ఫోన్ చేశాడు.

"కంగారెందుకురా? ఆవిడంతట ఆవిడే అడిగిందంటే నీమీద మంచి అభిప్రాయమే ఉంది. మళ్లీ అడుగుతుంది. నువ్వు కాస్త కంటపడుతూ ఉండు చాలు."

కంటపడటంలో బుడ్డోడు లోటు చెయ్యలేదు. ప్రొఫెసరమ్మ గది ముందు బూటు లేసు కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. ఆవిడ తలుపు తీసినప్పుడల్లా ఎదురుగా ఆరడుగుల మనిషి.

"ఏమైనా కావాలా?"

"ఏం లేదు మేడమ్, ఊరికే."

ఆవిడ ఆ ప్రశ్న ఎన్నోసార్లు అడిగింది. తనకు కావలసిన ప్రశ్న అదేనని ఈ మహానుభావుడికి తట్టలేదు.

శుక్రవారం ఆవిడ తెల్లటి వలముసుగు, చేతి తొడుగులు పట్టుకుని బయటికొచ్చింది. "ఆ గిరజాల అబ్బాయిని చూశావా? పెట్టెల పని చూస్తాడేమో అడిగి ఇవి ఇవ్వాలి" అంది.

గిరజాలవాడికి తేనెటీగకీ కందిరీగకీ తేడా తెలీదు. ఆ ముసుగు వాడి నెత్తిన ఉన్నట్టు ఊహించుకునేసరికి బుడ్డోడికి ఏడుపొచ్చినంత పనైంది. పెద్దమ్మ మీద మొదటిసారి కోపం కూడా వచ్చింది.

"నాక్కావాలి!" అని అరిచాడు. వరండాలో వాళ్లంతా ఆగి చూశారు. "మేడమ్, ఆ పని నాకే కావాలి. దానికోసమే ఇంతదూరం వచ్చాను!"

"మరి వద్దన్నావుగా?"

"అన్నాను. కానీ మీరు... మళ్లీ అడగలేదు!"

ఆవిడ తెల్లబోయింది. చెవులు ఎర్రబడుతుంటే బుడ్డోడు మూడుసార్ల పద్ధతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, సూప్ గిన్నెతో సహా. వింటూ వింటూ ఆవిడ గోడకు చేరగిలబడి పకపకా నవ్వింది.

"ఆ అబ్బాయిని ఇంకా అడగలేదులే" అని ముసుగు వాడి చేతిలో పెట్టింది. "కానీ ఒక్కమాట. తేనెటీగలు ఒక్కసారే హెచ్చరిస్తాయి. వాటి దగ్గర ఈ మొహమాటాలు సాగవు."

గదిలోకి తీసుకెళ్లి బిస్కెట్ల డబ్బా మూత తీసింది. "తీసుకో."

"వద్దండీ" అంది పెద్దమ్మ పెంచిన నోరు. బుడ్డోడు నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ మూత పెట్టబోయి ఆగింది. వాడి మొహంలోకి చూసి, "నిజంగానే వద్దా?" అంది.

ఈ దేశంలో కాలుపెట్టాక వాడు వద్దన్నాక ఎవరైనా రెండోసారి అడగడం అదే మొదలు. ఇల్లు గుర్తొచ్చింది. "అయ్యో, ఎందుకండీ" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ డబ్బా వాడి ముందుకు జరిపి, ఎంతో ఓపిగ్గా మూడోసారి అడిగింది.

బుడ్డోడు నాలుగు తీసుకున్నాడు.