అచ్యుతరామయ్యగారి డిక్కీ

పంతొమ్మిదివందల ఎనభై మూడులో మా కంట్రాక్టరు అచ్యుతరామయ్యగారికి కుర్రతనం వచ్చింది. యాభై దాటాక వచ్చిందేమో, కాస్త ముదురుగానే వచ్చింది. పోర్టు పని ముగించుకుని వెళ్ళిపోతున్న తెల్లదొర దగ్గర ఎర్ర స్పోర్ట్సు కారు కొన్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఆయన పొట్ట అందులో ఇమడడమే ఒక వింత.

అప్పుడాయన పెందుర్తి పక్కన, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన మాకు కాలనీ కడుతున్నాడు. మా అత్త అసిరమ్మ ఇంటికి మూడు గోడలు లేచాయి. పడమటి గోడ మిగిలిపోయింది. వానలు దగ్గరపడుతున్నాయని అత్త రోజూ వెళ్ళి అడిగేది. "సిమెంటు పర్మిట్టు రాలేదమ్మా, నేనేం చెయ్యను?" అనేవాడాయన. ఆఖరికి ఆ గోడ మాత్రం ఇసకా మట్టీ కలిపి లేపించాడు. గోరుతో గీకితే రాలేది.

ఇంతలో ఆ కారు వెనకభాగం నేలకి దిగింది. అడిగితే "ఫారిన్ స్టైలు, కిందికి దింపించాను" అన్నాడు. క్లబ్బులో ఎవరో భలే ఉందన్నారట. ఇక ఆయన నడక కూడా మారిపోయింది.

ఆ స్టైలు కంచరపాలెం రైలుగేటు దగ్గర బయటపడింది. కారు పొట్ట పట్టాల మీద ఆనుకుని కదల్లేదు. గేటువాడు తిడుతుంటే జనం నవ్వుకుంటూ ఎత్తి పక్కకి పెట్టారు. సైలెన్సరు అక్కడే ఊడిపోయింది. మర్నాడు కారు మామూలు ఎత్తుకి తేవాలంటూ సైటుకి తోలుకొచ్చి, అక్కడ కూలిపని చేస్తున్న మమ్మల్ని సుత్తులు తెమ్మన్నాడు. ఇలాంటి రిపేరు మేమెక్కడా చూడలేదు.

డిక్కీ తెరిస్తే సిమెంటు బస్తాలు. తన మేడకి తరలించబోయిన మా కాలనీ సిమెంటే. క్లబ్బు మెప్పు చూశాక బస్తాలు దింపడానికి ఆయనకి మనసొప్పలేదు. చిన్న జల్లులకే చిరుగుల టాపులోంచి నీళ్ళు డిక్కీలోకి దిగి, బస్తాలన్నీ బండరాళ్ళయిపోయాయి. దొంగతనం కూడా చివరిదాకా చెయ్యలేని మనిషి. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

అత్త వచ్చి చూసింది. "పర్మిట్టు రాలేదన్నారు గదా బాబూ. ఇదేటి?"

"పాడైపోయిన సరుకమ్మా. పనికిరాదు," అన్నాడాయన, అటు తిరిగి.

బద్దలుకొట్టి తీసేకొద్దీ కారు కొంచెం కొంచెం పైకి లేచింది. ఒక గడ్డ మాత్రం ఎంత కొట్టినా పగల్లేదు. గోనె నేత అచ్చు దానిమీద అలాగే ఉంది. అత్త దాన్ని మాచేత మోయించి తన గుమ్మం ముందు వేయించుకుంది.

మొదటి పెద్దవానకే పడమటి గోడ కూలింది. అత్త వంటసామానంతా మట్టికింద పడింది. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని తెలిసి అచ్యుతరామయ్యగారు ముందే పరుగెత్తుకొచ్చాడు. ఎత్తుకి లేచిన ఎర్రకారు గుంతలు దాటుకుంటూ కులాసాగా వచ్చి ఆగింది.

ఆయన కూలిన గోడని చూసి, కూర్చోడానికి చోటు వెతుక్కున్నాడు. అత్త మట్టిలోంచి గిన్నెలు ఏరుతోంది. తలెత్తకుండా గుమ్మం ముందున్న గడ్డని చూపించింది.

"దానిమీద కూకోండి బాబూ. అది కూలదు. మా కాలనీలో మీ సిమెంటుతో అయిన పని అదొక్కటే."