వణికే చుక్క

బల్బులు పరీక్షించే ఆ ల్యాబులో అతన్ని అందరూ చాదస్తం అనే పిలిచేవారు. ఒకసారి చూసిన అంకెని మూడుసార్లు చూస్తాడని ఆ పేరు. విని అతను నొచ్చుకున్న దాఖలా లేదు. పదమూడేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. కరెంటు ఆదా చేసే మెలికల బల్బులు అట్టపెట్టెల్లో వచ్చేవి. ఎవరి సరుకో తెలిస్తే మొహమాటపడతారేమోనని, కంపెనీ పేరు చెరిపేసి, ఒక్కో కంపెనీకి ఒక్కో నంబరు ఇచ్చి, ఆ చీటీ అంటించి మరీ పంపేవారు.

వెలుగెంతో కొలవడం, వేలసార్లు వేసి ఆర్పి ఎప్పుడు మాడిపోతుందో చూడటం వేరేవాళ్ళ పని. పాదరసం లెక్క అతనిది. బల్బుని బాగా చల్లబరిస్తే లోపలి పాదరసం ఆవిరంతా గాజుకి అంటుకుంటుంది. అప్పుడు గొట్టాన్ని మూసిన సంచిలో పగలగొట్టి, ముక్కల్ని యాసిడ్‌తో కడిగి, ఆ కడిగిన నీళ్ళని మిషన్‌కి పెట్టాలి. మిషన్ అంకె చెబుతుంది. ఐదు మిల్లీగ్రాములు మించదని డబ్బా మీద రాసుకుంటారు. అంటే గుండుసూది తలకంటే చిన్న చుక్క. మరీ తక్కువైతే బల్బు నాలుగు కాలాలపాటు వెలగదు. ఎక్కువైతే పగిలిన ఇంట్లోవాళ్ళకి ముప్పు.

ఇంటికొస్తే అన్న, వదిన. అన్న బస్సు నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్డుమీదే. వదిన కాపురానికి వచ్చేనాటికి మరిది ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. అప్పటినుంచీ అతన్ని ఆటపట్టించడం ఆవిడ జన్మహక్కు. నలభైకి దగ్గరపడుతున్నా పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే, "ఎలా అవుతుంది? పిల్లని చూపిస్తే మూడుసార్లు తూచి రిపోర్టు రాస్తానంటాడు" అనేది. ఆవిడ నవ్వితే పక్కవాటా వాళ్ళకి కూడా ఇవాళ మరిది దొరికిపోయాడని తెలిసిపోయేది.

రెండేళ్ళ కిందట వదిన కూడా పనికి కుదిరింది. ఊరి చివర రేకుల షెడ్డు, అదీ బల్బుల కంపెనీయే. నువ్వు పగలగొట్టేవి ఇకమీదట నేను చేస్తానని మొదటిరోజే ఉడికించింది. ఆ సరుకు తన బల్లమీదికి వస్తోందో లేదో అతనికి తెలిసే దారి లేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

నలభై ఒకటో నంబరు సరుకు మాత్రం అతన్ని ఏడాదిగా సతాయిస్తోంది. మొదట్లో బుద్ధిగానే ఉండేది. పది బల్బులు పగలగొడితే నాలుగు, ఐదు, నాలుగున్నర. తరవాత మూడూ తొమ్మిదీ పక్కపక్కన రావడం మొదలైంది. వర్షాలు తగ్గేసరికి ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో పదిహేడు. మిషన్ పాడైందేమోనని మిషన్‌ని తనిఖీ చేశాడు. యాసిడ్ మార్చాడు. అంకెలు మారలేదు. ఫెయిల్ అని రాసి పంపేవాడు. వారం తిరక్కుండా కంపెనీవాళ్ళు ఇంకో పది బల్బులు తెచ్చి మళ్ళీ పరీక్షించమనేవారు. ఆ పదీ అచ్చు గుద్దినట్టు నాలుగున్నర ఉండేవి. ల్యాబు పెద్దసారు పాస్ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టేసేవాడు. ఏరి తెచ్చిన బల్బులండీ అవి అని చాదస్తం అంటే, తెచ్చినవాటిని పరీక్షించడమే మన పని అనేవాడు.

ఆ రోజుల్లోనే వదిన మారిపోతూ వచ్చింది. ఎవరైనా వస్తే ముందుగదిలోకి వచ్చేది కాదు. గ్లాసు చప్పుడైతే ఉలిక్కిపడేది, ఉప్పు తక్కువైందంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పళ్ళు తోముకుంటే నెత్తురు పడుతోందని, నోరంతా ఇనుము నాకినట్టుందని అన్నతో చెప్పుకుంది. వయసు మార్పులే, ఓ టానిక్కు తాగితే సరిపోతుందన్నాడు అన్న. మరిదిని ఏడిపించి ఎన్నాళ్ళయిందో ఎవరూ లెక్క పెట్టుకోలేదు. కాస్త పెద్దరికం వచ్చిందిలే అనుకున్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ భోజనాలకి కూచున్నారు. మాటల్లో చాదస్తం నలభై ఒకటో నంబరు సంగతి ఎత్తాడు. "ఎవడో తాగుబోతు పోస్తున్నట్టున్నాడన్నయ్యా పాదరసం. ఒకదాంట్లో చుక్క ఉండదు, ఇంకోదాంట్లో మూడింతలు. మిషన్ ఇలా పొయ్యదు" అన్నాడు. అన్న పొలమారేలా నవ్వాడు. వడ్డిస్తున్న వదిన గరిటె గిన్నెలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చాదస్తం కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ గట్టుకి ఆనుకుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పట్టుకున్నా ఆ చెయ్యి ఆగడం లేదు.

"తాగుబోతు కాదు మరిదీ," అంది. "నేనే."

తరవాత ముక్కలుముక్కలుగా చెప్పింది. పాదరసాన్ని బిళ్ళల్లా వేసే మిషన్ ఏడాదిన్నర కిందట మూలపడింది. బాగుచేయించేదాకా అని చుక్కలు వేసే గాజు ఫిల్లర్లు చేతికిచ్చారు, అవే ఖాయమయ్యాయి. ఒక గదిలో ఐదుగురు ఆడవాళ్ళు. గాజు అతికించే మంటలు గాలికి ఊగుతాయని కిటికీలు తెరవనివ్వరు. కింద పడ్డ చుక్కలు మెరుస్తుంటాయి, సాయంత్రం చీపురుతో ఊడుస్తారు. చెయ్యి వణుకుతోందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని, మేస్త్రీ వచ్చినప్పుడు మోచెయ్యి బల్లకి నొక్కిపెట్టి పోస్తుంది.

చాదస్తం కంచం గట్టుమీద పెట్టాడు. ఏడాదిగా వదిన చేతి వణుకుని అంకెల్లో రాస్తూ, కింద తన సంతకం పెడుతూ వచ్చాడు. ఆ అంకెల్ని మూడేసిసార్లు చూశాడు. ఎదురుగా అన్నం పెట్టే చేతిని ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు వదిన చేత సీసాలో మూత్రం పట్టించి ల్యాబుకి తీసుకెళ్ళాడు. అందరూ టీకి వెళ్ళినప్పుడు మిషన్‌కి పెట్టాడు. మామూలుగా ఉండాల్సినదానికి ముప్పై రెట్లు. ఇక పనికి వెళ్ళొద్దన్నాడు. మిగతా నలుగురి సంగతేమిటని వదిన అడిగింది. అడిగి, వాళ్ళ దగ్గరికి నేనే వెళ్తానంది.

పొరుగింటావిడ పలకరిస్తే తలుపు చాటుకి పోయే మనిషి, నాలుగిళ్ళకీ వెళ్ళింది. ఒక ఇంట్లో మొగుడు గుమ్మంలోంచే పొమ్మన్నాడు. అయినా ఆ పిల్ల సందు చివరిదాకా వచ్చి సీసా ఇచ్చింది. నాలుగు సీసాలూ గుడ్డసంచిలో వేసుకుని వదిన ఇంటికొచ్చేసరికి జాకెట్టంతా చెమటతో తడిసిపోయి ఉంది.

అందరికంటే ఎక్కువ అంకె పెద్దమ్మది. వయసులో పెద్దదని గదిలో అందరూ ఆవిణ్ణి అలా పిలిచేవారు. కాళ్ళు వాచి చెప్పులు పట్టక, చెప్పుల్లేకుండానే ఆ గదిలో తిరిగేదట.

చాదస్తం ఐదు అంకెలూ కాగితం మీద రాసి పెద్దసారు ముందు పెట్టాడు. పక్కనే నలభై ఒకటో నంబరు ఏడాది లెక్క కూడా. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. చెడ్డవాడేం కాదు, మొహం పాలిపోయింది కూడా. కానీ "మనం పరీక్షించేది బల్బుల్ని. మనుషుల్ని కాదు" అన్నాడు. ఆ కాగితం చింపెయ్యమన్నాడు. చాదస్తం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళి ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాడు. ఆ వారంలోనే అతని ఉద్యోగం పోయింది. ల్యాబు మిషన్ సొంతానికి వాడుకున్నాడని, ఖాతాదారు గుట్టు బయటపెట్టాడని ఉత్తర్వులో రాశారు. రెండూ నిజమే కాబట్టి అతను వాదించలేదు.

ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి గదికి సున్నం వేసి ఉంది. గోడకి కొత్త ఫ్యాను, బల్ల మీద ఎక్కడినుంచో తెచ్చిపెట్టిన మిషను. ఇన్‌స్పెక్టరమ్మ అటూ ఇటూ నడిచి, గచ్చు పగులులో ఒక పుల్ల పెట్టి గీకింది. బూడిదరంగు పూసలు బిలబిలా బయటికొచ్చాయి. గదికి సీలు వేశారు. మూడో రోజుకి యజమాని షెడ్డంతటికీ తాళం వేశాడు.

అరవైమంది వీధిన పడ్డారు. కోపమంతా వదిన మీదికి తిరిగింది. ప్యాకింగులో పనిచేసే ఒకావిడ ఇంటికొచ్చి, మా పిల్లలకి నువ్వు వండిపెడతావా అని మెల్లగా అడిగింది. గట్టిగా తిట్టినా బాగుండేదని వదిన తరవాత అంది. అన్న మాత్రం ఆ రోజు బస్సు తియ్యకుండా, భార్య పక్కనే గోడవైపు చూస్తూ కూచున్నాడు. టానిక్కు సీసా అతనే బయట పారేశాడు.

షెడ్డుకి తాళం పడ్డ మూడో నెలలో పెద్దమ్మ పోయింది. మూత్రపిండాలు రెండూ ఆగిపోయాయన్నారు. ఆవిడ ఇంటిదగ్గర మనుషులు తనని ఎలా చూస్తారోనని వదిన వెళ్ళలేదు.

పరిహారం కోసం కార్మిక శాఖలో విచారణ పెద్దమ్మ పోయిన తరవాత జరిగింది. కంపెనీ తరఫు వకీలు కుర్రాడు కాదు, నెరిసిన జుట్టు, నెమ్మది మాట. వదిన ఇచ్చిన వాంగ్మూలాన్నీ, పనిలో చేరినప్పటి రిజిస్టరునూ అధికారి ముందు పక్కపక్కన పెట్టాడు. రెండు సంతకాలూ ఒకరివి కావని, ఈ వాంగ్మూలం మరిది రాసి మరిదే సంతకం పెట్టుకున్నాడని చెప్పాడు. చాదస్తం లేవబోయాడు. వదిన అతని భుజం మీద చెయ్యివేసి కూచోబెట్టి తనే లేచింది.

నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే ఆవిడకి అప్పటికే నోరు ఎండిపోతోంది. తెల్లకాగితం అడిగింది. బల్లమీద వంగి, మోచెయ్యి నొక్కిపెట్టి, పేరు రాయడానికి చాలాసేపు తీసుకుంది. అక్షరాలు గీతల్లా పడ్డాయి, చివరిది కాగితం దాటి బల్ల మీదికి పోయింది.

"రిజిస్టరులోదీ నా సంతకమే," అంది. "ఇదీ నాదే. మధ్యలో మీ దగ్గర పనిచేశాను."

వకీలు ఆ కాగితాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసి, ఇంకేం అడగకుండా కూచున్నాడు.

తీర్పు వాళ్ళవైపే వచ్చింది. వైద్యం ఖర్చు కంపెనీయే భరించాలన్నారు. భరించడానికి కంపెనీ ఉండాలిగా. యజమాని ఆ పేరుని మూసేసి, ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో తెరిచాడని తరవాత తెలిసింది. అక్కడ మిషన్ ఉందో, ఫిల్లర్లే ఉన్నాయో చెప్పేవాళ్ళు లేరు. చాదస్తం ఇప్పుడు సిమెంటు దిమ్మల బలం చూసే చోట పనిచేస్తున్నాడు. వదిన చెయ్యి కొంత నిలిచింది. సగం గ్లాసు నీళ్ళు ఒలకకుండా తాగగలదు. మిగిలిన వణుకు ఇక పోదని డాక్టరు చెప్పేశాడు.

తీర్పు కాగితం వచ్చిన రోజున వదిన దాన్ని చదివి వినిపించమని అడగలేదు. ఇంకో నకలు తియ్యమంది. పెద్దమ్మ కూతురికి ఇవ్వాలంది. నేనిచ్చి వస్తానని చాదస్తం అంటే వద్దంది. వీధి చివరిదాకా ఇద్దరూ కలిసి నడిచారు. అక్కణ్ణించి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆవిడొక్కతే వెళ్ళింది.