కనికరం కోరని దరఖాస్తు

అర్జీ రాయడం మన జనానికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. సెలవు కావాలన్నా, రేషను కార్డు కావాలన్నా ఇంట్లో జబ్బులన్నీ ఏకరువు పెట్టిగాని అసలు సంగతికి రాము. పందొమ్మిది వందల ఎనభయ్యొకటిలో నర్సీపట్నంలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు పరిమళ కూడా అదే చేసింది.

ఢిల్లీ నుంచి ఫెలోషిప్పు ప్రకటన వచ్చింది. ఎంపికైన వారికి మూడేళ్ళు జీతంతో సెలవు, యూనివర్సిటీలో పరిశోధన. ముప్పయ్యైదేళ్ళు దాటితే అర్హత లేదు. పరిమళకు ఆ జూన్‌తో ముప్పయ్యైదు నిండుతాయి. ఇక మరో అవకాశం లేదు. ఆమె భర్త ప్రేమరాజు బజారులో టైపు ఇన్‌స్టిట్యూటు నడుపుతాడు. ఊళ్ళో అర్జీలన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. భార్య దరఖాస్తు ఎంతో ప్రేమగా మూడు పేజీలు కొట్టాడు.

దాన్ని ఇద్దరూ యాజులు గారికి చూపించారు. ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరు చేసి, రిటైరై సొంతూరు వచ్చిన మనిషి. ఇలాంటి దరఖాస్తులు వందలకొద్దీ చదివి మార్కులు వేసినవారు. లెక్చరర్లెవరు కాగితం తెచ్చినా కూర్చోబెట్టి దిద్దేవారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

"ఏటమ్మా ఇది? ఒక పేజీ నిండా మీ నాన్నగారి పక్షవాతం. రెండో పేజీలో మీ అత్తగారి కళ్ళ ఆపరేషను. నీ పనేదీ?"

"ఆఖర్న రెండు లైన్లున్నాయండీ."

"జాలి కలగాలి కదండీ" అన్నాడు ప్రేమరాజు. "ఇరవై ఏళ్ళుగా ఇలాగే కొడతన్నానండి."

"చదివేది మా బోటివాళ్ళమయ్యా. అయ్యో పాపం అనుకుని పక్కన పెట్టేసేవాళ్ళం."

పరిమళ ముఖం చిన్నబోయింది. నిజానికి ఆమె చేసిన పని చిన్నదా? నాలుగేళ్ళుగా ఆదివారం ప్రార్థన కాగానే గొలుగొండ బస్సెక్కి, ఎర్రకుళ్ళు తెగులు పట్టిన చెరకు గడలు చీల్చి చూసి, ఏ తోటలో ఎప్పుడు మొదలైందో రాసుకుంటోంది. ఆ సంగతి చెప్పుకోవడం గొప్పలకు పోవడమని ఆమె భయం. మనలో మంచివాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది.

తరువాతి ఆదివారం యాజులు గారు కూడా బస్సెక్కారు. చెరకు రైతు రామాయమ్మ గట్టు మీద కూర్చుని ఉంది.

"ఈవిడికి చెప్పు. ఈవిడికి అర్థమైతే ఢిల్లీకీ అర్థమవుద్ది" అన్నారాయన.

తెగులు విత్తనంగా నాటే చెరకు ముక్కల్లోనే దాగి ఉంటుందని, పైకి కనబడదని పరిమళ చెప్పింది. రామాయమ్మ చెవి ఒగ్గి వింది.

"అయితే అమ్మా, నాటే ముందే ఏ ముక్కలో రోగముందో సెప్పగలరేటి?"

"ఇప్పుడు చెప్పలేనమ్మా. మూడేళ్ళు పని చేస్తే చెప్పగలను."

యాజులు గారు పకపకా నవ్వారు. "ఇంకేటి, దరఖాస్తు అయిపోయింది. ఆవిడ అడిగింది మొదటి వాక్యం, నువ్వు చెప్పింది రెండోది. తరవాత నాలుగేళ్ళ లెక్కలు రాయి. బేగి పంపు, గడువు నాలుగు రోజులే ఉంది."

మర్నాడు ప్రేమరాజు టైపు మిషను ముందు చాలాసేపు తటపటాయించాడు.

"ఆఖర్న ఒక్క దండమైనా పెట్టొద్దేటి?"

"ఒక్కటీ వద్దు" అంది పరిమళ, నవ్వు ఆపుకుంటూ.

మే నెలలో ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. ప్రేమరాజు ఆ రోజు ఇన్‌స్టిట్యూటుకు సెలవిచ్చి, ఎదురైనవారందరికీ మిఠాయి పంచాడు. పరిమళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

సాయంత్రం చరిత్ర లెక్చరరు భానుమూర్తి తన కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"ఎవరి కాళ్ళు పట్టుకున్నారో కాస్త చెబుదురూ మేడమ్?"

పరిమళ ఆయన్ని కూర్చోబెట్టి కాగితాలు చూసింది. మొదటి పేజీలోనే ముసలి తల్లి, ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఆ పేజీ తీసి పక్కన పెట్టింది.

"ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు మాష్టారూ. ముందు మీ పనేంటో చెప్పండి, ఇద్దరం కూర్చుని రాద్దాం. చదువు చెప్పే మనమే చేతులు కట్టుకుని బతిమాలితే, మన పిల్లలకు తలెత్తి అడగడం ఎవరు నేర్పుతారండీ?"