ఎనభై మూడు పెట్టెల వాదన

ఆ వీధిలో ఇళ్ళన్నీ పెద్దవే. ఒకటి రెండు ఇళ్ళలో కుక్కలకు కూడా విడిగా గదులున్నాయని చెప్పుకొనేవారు. రోగం ఊరిమీద పడి, ఆంక్షల మీద ఆంక్షలు వచ్చాక ఆ వీధిలో రెండే ప్రశ్నలు వినిపించేవి. ఒకటి, "ఎప్పుడు తెరుస్తారట?" రెండు, "మీరెప్పుడు వెళ్ళిపోతున్నారు?"

పెట్టెల మేస్త్రికి రెండో ప్రశ్నతోనే పని. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ సామాను సర్ది లారీ ఎక్కించడం ఇరవై రెండేళ్ళుగా అతని వృత్తి. ఇన్నేళ్ళలో ఒక్క చెంచా పోయిందని ఎవరూ అనలేదు. కానీ ఆరు నెలలుగా ఎవరూ గుమ్మం దాటకపోవడంతో అతనికి పని లేకుండా పోయింది. చేతికి దొరికిన మొదటి పని ఈ షోరూముల ఆయనది. ఊళ్ళో మూడు టైల్సు షోరూములున్న పెద్దమనిషి.

"సాయంత్రం ఐదు లోపల నా లారీ, నా కారు చెక్‌పోస్టు దాటాలి. పాసు ఇవాళ ఐదింటి దాకే" అన్నాడాయన. "నువ్వు దాటించావనుకో, ఈ వీధిలో ఇంకో పదకొండు ఇళ్ళు నీవే. అందరూ బాల్కనీల్లోంచి నిన్నే చూస్తున్నారు. తేడా వచ్చిందా, అదీ చూస్తారు."

మేస్త్రి తల ఎత్తి చూశాడు. నిజంగానే చూస్తున్నారు. ఒకావిడ అయితే దుర్భిణీ పెట్టి మరీ చూస్తోంది.

ఇంట్లో ఐదుగురికి మించి ఉండకూడదని నిబంధన. షోరూముల ఆయన, అమ్మగారు, మేస్త్రి, ఇద్దరు పనివాళ్ళు. లెక్క సరిపోయింది. ఆరోవాడు రాతగాడు. అతన్ని బయట కారు షెడ్డులో కూర్చోబెట్టారు. రాతగాడు అసలు బోర్డులు రాసే పెయింటరు. దుకాణాలే మూతపడితే బోర్డులెవరు రాయిస్తారు? ఆ రోజే పెట్టెల మీద పేర్లు రాసే పనికి కుదిరాడు.

"నేను లోపల పెట్టె కట్టి, అందులో ఏముందో కేకేస్తాను. నీకు లోపల్నించి గట్టిగా ఏది వినబడితే అది రాసెయ్యి. పెట్టె మీదా రాయి, నంబరు వేసి కాగితం మీదా రాయి. మళ్ళీ మళ్ళీ అడిగి నా ప్రాణం తియ్యకు" అని చెప్పాడు మేస్త్రి.

"ముప్ఫై ఏళ్ళ నుంచి బోర్డులు రాస్తున్నా. పార్టీ చెప్పింది చెప్పినట్టు రాయడమే గానీ, ఇదేంటని అడిగినవాణ్ణి కాదు" అన్నాడు రాతగాడు, కుంచె తడుపుతూ.

పది గంటలదాకా సామాను కాగితాల్లో చుట్టే పని నల్లేరు మీద బండిలా సాగింది; ఇక పెట్టెలు కట్టడమే తరువాయి. అప్పుడు గేటు దగ్గర సైకిలు ఆగింది. పన్నుల బిల్లు కలెక్టరు దిగాడు. మేస్త్రి గబగబా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఎందుకంటే ఆ కలెక్టరు పరాయివాడు కాదు, స్వయానా అక్క మొగుడు.

"ఏం బావా! నా నోటికాడి కూడు తీయడానికి ఈ గుమ్మమే దొరికిందా?" అన్నాడు మేస్త్రి, కిటికీలోంచి.

"నువ్వు ఊరంతా ఖాళీ చేయిస్తుంటే నేనింకెవరి గుమ్మం తొక్కాలి బావమరిదీ? ఉన్నవాళ్ళనైనా పట్టుకోనీ" అన్నాడు బావ. గేటు బయట సుద్దతో గీసిన గుండ్రంలో పద్ధతిగా నిలబడి, సంచిలోంచి నోటీసు తీశాడు.

ఆ ఏడాది ఊళ్ళో పెద్దిళ్ళ పన్ను అని కొత్తది వేశారు. ఆసుపత్రిలో పడకలు చాలడం లేదు కనుక, గదులు ఎక్కువున్న ఇళ్ళవాళ్ళు కొంచెం ఎక్కువ కట్టాలట. స్నానాలగదులు లెక్కపెట్టి వేశారు. షోరూముల ఆయనకు ఏడు పడ్డాయి.

ఆయన వరండాలోకి వచ్చాడు. ఆయన వరండాలో, కలెక్టరు గేటు అవతల. మధ్య పాతిక అడుగుల దూరం, ఇద్దరి మూతులకూ గుడ్డలు. ఇక మాట వినబడాలంటే అరవక తప్పదు.

"ఏడెక్కడివయ్యా? ఐదోది స్నానాలగది కాదు! అందులో నీళ్ళు కాచే యంత్రం ఉంటుంది, అంతే!"

"యంత్రం ఉన్న గదిని కూడా లెక్కలో రాయమన్నారు సార్!"

"బయట తిరగనివ్వరు, లోపల కూర్చుంటే పన్నా? నా ఇంట్లో, నా కొలనులో, నేనొక్కణ్ణే ఈదకూడదా? ఈదితే ఎవరికి అంటుకుంటుంది? చేపలకా?"

"మీరు ఈదొచ్చు సార్. ఆ కొలను కడిగే మనిషి బస్సులో కిక్కిరిసి రావాలి కదా!"

"మేమంతా వెళ్ళిపోతే ఎవరి దగ్గర వసూలు చేస్తారో చూస్తా!"

"మీరెళ్ళినా ఇల్లు ఎక్కడికీ వెళ్ళదు కదా సార్! పన్ను ఇంటిది!"

"అయితే ఇంటినే అడుగు!"

ఇలా నాలుగు గంటలు నడిచింది. బాల్కనీల వాళ్ళు భోజనాలు పైకి తెప్పించుకొన్నారు. లోపల మేస్త్రి తలొంచుకొని సర్దుతున్నాడు. ముక్కు మీద గుడ్డ, గుడ్డ మీద కళ్ళజోడు. ఊపిరి పీలిస్తే లోకం కనబడుతోంది, వదిలితే మాయమవుతోంది. అందుకని చేతి అలవాటు మీదే పని చేస్తున్నాడు. మేస్త్రి పనివాళ్ళకు ఒకటే సూత్రం నేర్పాడు: కదిలేది యజమాని, కదలనిది సామాను. కదలనిదల్లా పెట్టెలోకి వెళ్ళాల్సిందే.

రెండింటికి సర్దడం పూర్తయింది. మేస్త్రి షెడ్డులోకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకొని, లారీ ఎక్కించే వరస కోసం పెట్టెల వంక చూశాడు.

ముందు వరసలో పెట్టె మీద ముత్యాల్లాంటి అక్షరాలతో, నీడ కూడా వేసి రాసి ఉంది: "ఊరు మీ సొంతమా?"

దాని పక్కన: "అది స్నానాలగది కాదు." దాని మీద: "పడకలు చెట్లకు కాస్తాయా సార్!" మూల పెట్టె మీద: "అయితే ఇంటినే అడుగు!"

"ఏంటయ్యా ఇది?" అన్నాడు మేస్త్రి.

"పెట్టెల పేర్లు."

"వంటింటి గాజు సామాను ఏది?"

"ఆ పేరు రాలేదే! గట్టిగా వినబడింది రాయమన్నావు. నీ గొంతు గుడ్డ దాటి రాలేదు. వాళ్ళిద్దరివే వచ్చాయి." రాతగాడు కాస్త నొచ్చుకొన్నాడు. "కొంచెం చిత్రంగానే అనిపించింది. కానీ గొప్పవాళ్ళు సామానుకి ఏం పేర్లు పెట్టుకొంటారో నాకేం తెలుసు?"

మేస్త్రి తల పట్టుకొన్నాడు. సరే, పోతే పోనీ, అవతల ఊళ్ళో విప్పుకొన్నప్పుడు చూసుకోవచ్చు అని మనసుకు సర్దిచెప్పుకొనేలోగా వరండాలోంచి కేక వినిపించింది.

"నా పాసు ఏది?"

పాసు చేతిలో పట్టుకొని కలెక్టరుకు చూపించిన సంగతి ఆయనకు గుర్తుంది. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టడానికి దాన్ని ఓ చిన్న బల్ల మీద పెట్టిన సంగతీ గుర్తుంది. ఆ బల్ల కదలదు. బల్ల మీది పాసూ కదలదు. కదలనిదల్లా సామానే. ఎనభై మూడు పెట్టెల్లో ఏదో ఒక దాంట్లోకి వెళ్ళిపోయింది.

"ఎనభై మూడూ విప్పి మళ్ళీ కడితే రేపు మధ్యాహ్నం అవుతుంది" అన్నాడు మేస్త్రి. బాల్కనీల వైపు చూడకూడదనుకొంటూనే చూశాడు. పదకొండు ఇళ్ళూ చూస్తున్నాయి.

అమ్మగారు అప్పటికే కారులో ముందు సీట్లో కూర్చొని బెల్టు పెట్టుకొని ఉంది. మాట తక్కువ మనిషి. అద్దం దించి అంది: "ఆ కాగితం మొదటి నుంచి చదివించండి. మా ఆయన సంగతి నాకు తెలుసు. మాట చెవిన పడితే అప్పుడు చేతులు ఏం చేశాయో గుర్తొస్తుంది. ఏ మాట దగ్గర పాసు కింద పెట్టారో తేలితే, ఆ తర్వాతి పెట్టె విప్పితే చాలు."

ఆ సలహా అందరికీ నచ్చింది. మరి చదివేదెవరు? మేస్త్రి కళ్ళజోడు సంగతి తెలిసిందే. రాతగాడు రాస్తాడు గానీ, తాను రాసింది ఎప్పుడూ చదివి ఎరగడు. పొద్దస్తమానం జాబితాలు చదివే మనిషి ఒక్కడే ఉన్నాడు, గేటు బయట.

"బావా, నీ కాళ్ళు పట్టుకొంటా. లోపలికి వచ్చి చదువు."

"పొద్దున్న నోటికాడి కూడు తీసేవాణ్ణి, ఇప్పుడు కాళ్ళు పట్టుకోవలసినవాణ్ణా?" అంటూనే వచ్చాడు బావ. పాపం పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నాడు. వరండాలో సర్దకుండా మిగిలిన ఒక్క కుర్చీలో చతికిలబడి, ఫ్యాను కింద కాగితం విప్పాడు. వరండాలో జనం ఎక్కువయ్యారని షోరూముల ఆయన వెనక్కి, వెనక్కి జరిగి, చివరికి గేటు బయట సుద్ద గుండ్రంలో తేలాడు.

"ఒకటి" అని చదివాడు కలెక్టరు. "ఏడెక్కడివయ్యా? ఐదోది స్నానాలగది కాదు!"

షోరూముల ఆయన ఎవరేమన్నా ఎదురు చెప్పకుండా ఉండలేని మనిషి. వెంటనే అందుకొన్నాడు. "యంత్రం ఉన్న గదిని కూడా లెక్కలో రాయమన్నారు కదయ్యా!"

కలెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఫ్యాను గాలి చల్లగా తగులుతోంది. కాళ్ళు చాపుకొన్నాడు. "బయట తిరగనివ్వరు, లోపల కూర్చుంటే పన్నా?" అని చదివాడు. చదివాడనడం కంటే అన్నాడంటేనే సబబు.

"అందరూ తిరిగితే రోగం ఎలా ఆగుతుంది?" అన్నాడు గేటు దగ్గరాయన. నడినెత్తిన ఎండ చురచురమంటోంది.

"నేను కష్టపడి కట్టుకొన్న ఇల్లు! ఏడు కాకపోతే పది కట్టుకొంటాను!"

"కట్టుకో! నువ్వు పది కట్టుకొంటే, ఒక పడక వెయ్యడానికి చోటు లేక రోగులు ఆసుపత్రి నడవాల్లో పడుకోవాలా? పడకలు చెట్లకు కాస్తాయా?"

ఆ మాట కాగితంలో ఉన్నదే. కానీ ఆయన అన్న తీరులో కాగితం లేదు. బాల్కనీలో ఎవరో చప్పట్లు కొట్టి, పొరపాటైందని ఆపేశారు.

మేస్త్రి ఒక పెట్టె మీద కూర్చొని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అతను రోజూ పొద్దున్నే చేతులు జోడించి, 'తండ్రీ, నాకు పని ఇప్పించు' అని మొక్కుకొనేవాడు. అంటే ఎవరో ఒకరి ఇల్లు ఖాళీ చేయించమనే కదా మొక్కింది? అక్కేమో అదే దేవుడికి, తన మొగుడి వసూళ్ళు బాగుండాలని మొక్కుతుంది. ఒకే కుటుంబం నుంచి ఇలాంటి రెండు అర్జీలు వెళితే పైవాడు మాత్రం ఏ పెట్టెలో వేసుకొంటాడు? దేవుడి మీద నమ్మకం తగ్గలేదు గానీ, జాలి కలిగింది.

"ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు!" కలెక్టరు గొంతు ఖంగుమంది. "నా కొలనులో నేనొక్కణ్ణే ఈదితే ఎవరికి అంటుకుంటుంది? చేపలకా?"

"ఆ కొలను కడిగేవాడు బస్సులో..." అంటూ షోరూముల ఆయన వేళ్ళు మడిచాడు. "బస్సులో డ్రైవరు, కండక్టరు, పక్కవాడు, వాడి భార్య..." చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఇక్కడే! చేపల్ని లెక్కపెట్టడానికే పాసు కింద పెట్టాను!"

మేస్త్రి ముప్ఫై రెండో పెట్టె మీదికి దూకాడు. "చేపలకా?" అని రాసి ఉంది దాని మీద. పక్కన రాతగాడు సరదా పడి చిన్న చేప బొమ్మ కూడా వేశాడు. టేపు చీల్చాడు. చిన్న బల్ల, దానిమీద పాసు, పాసు పక్కన ఎవరిదో పన్ను నొప్పి మాత్ర.

టైము నాలుగూ పది. చెక్‌పోస్టు ఇరవై నిమిషాల దారి. పదకొండు ఇళ్ళు మళ్ళీ మేస్త్రి గుప్పిట్లోకి వచ్చినట్టే. పాసు రెండు చేతులా పట్టుకొని గేటు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, పాసు! బయలుదేరండి సార్, లారీ ఎక్కించేస్తున్నాం."

"ఉండవయ్యా." ఆయన పాసు తీసుకొని జేబులో పెట్టుకొన్నాడు, చూపు మాత్రం వరండా మీదే. "మీ బావ నా మాటలన్నీ పాడుచేస్తున్నాడు. నా పక్షాన ఇంతకంటే మంచి పాయింట్లున్నాయి. అవి చెప్పి వస్తాను."

"సార్, ఆ పాయింట్లకు ఇప్పుడు మీరే జవాబు చెప్పారు కదా!"

"అదే కదా నా బాధ! దానికి మళ్ళీ జవాబు చెప్పాలి."

నాలుగున్నరకు అమ్మగారు హారను కొట్టింది. నాలుగూ నలభైకి మేస్త్రి దండం పెట్టాడు. ఐదుకి కలెక్టరు మంచినీళ్ళు తాగుతున్నాడు, షోరూముల ఆయన ఏడో స్నానాలగది గురించి మాట్లాడుతున్నాడు. ఐదూ ఐదుకి ఎవరికీ పాసుతో పనిలేదు.

అమ్మగారు బెల్టు తీసి కారు దిగింది. "ఏమండీ, అక్కడ మీరు ఎవరితో మాట్లాడతారు? అక్కడ పన్నూ లేదు, కలెక్టరూ లేడు. చుట్టూ మనలాగే వెళ్ళినవాళ్ళు. మీరు ఏమన్నా అవునంటారు."

షోరూముల ఆయన నోరు తెరిచి, మూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎదురు చెప్పని మాట అదొక్కటేనట. చివరికి నోటీసు తీసుకొని సంతకం చేశాడు. ఐదో గది మీద మాత్రం అభ్యంతరం అని పక్కన రాశాడు.

"విప్పెయ్యండి" అంది అమ్మగారు. "ముందు వంటిల్లు."

మేస్త్రి షెడ్డులోకి నడిచాడు. సామాను పోలేదు, మనిషి పోలేదు, లారీ మాత్రం కదలలేదు. ఇరవై రెండేళ్ళలో ఇలాంటిది జరగలేదు. పదకొండు ఇళ్ళూ బాల్కనీల తలుపులు ఒక్కొక్కటిగా మూసుకొంటున్నాయి. అంతా చూశారు. ఇంకేం మిగిలింది?

ఫోను మోగింది. దుర్భిణీ ఆవిడ.

"మేస్త్రీ, గురువారం మా ఇంటికి రమ్మన్నాం కదా..."

"అర్థమైందమ్మా" అన్నాడు. "రానులెండి."

"అది కాదయ్యా. మా ఆయన పొద్దుట్నుంచీ అన్నం కూడా సరిగా తినలేదు. అవతలాయన చెప్పినవన్నీ తప్పట, అసలు పాయింటు తన దగ్గరుందట. వినేవాళ్ళు లేక నన్ను చంపుతున్నాడు. మీ బావగారు గురువారం ఖాళీయేనా?"

మేస్త్రి ఫోను చేత్తో మూసి బావ వంక చూశాడు. బావ ఫ్యాను కింద కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"ఖాళీయేనమ్మా" అన్నాడు. "పొద్దున పదింటికల్లా వెంటబెట్టుకొని వస్తాను. వాదన ముగిశాక సర్దమంటారో, ఉంచమంటారో మీ ఇష్టం. ఈసారి మాత్రం పాసు జేబులోంచి తీయొద్దని అయ్యగారితో చెప్పండి."